టీకా కోసం నారాయణ్‌గావ్ దారిలో

ఏప్రిల్ 28, 2021, బుధవారం

సాయంత్రం నాలుగింటికి కరోనా టీకాల ప్రభుత్వ వెబ్‌సైట్ కోవిన్‌లో పద్దెనిమిది నుంచి నలభై నాలుగేళ్ల వాళ్లకు రిజిస్ట్రేషన్ మొదలవుతుందని ముందే చెప్పారు. పుణెలో పింపళె సౌదాగర్‌లో ఒక ఫ్లాట్‌లో ఉంటాం నేనూ, మా రూమ్మేటూ. నాది తెనాలి, తనది కరీంనగర్. ఇద్దరివీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలే. ఏడాదికి పైగా ఇంట్లోంచే పని. మూడున్నరకే ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాం. నాలుగు కొట్టగానే సైట్ ఆగిపోయింది. ఓటీపీ రాదు, వచ్చినా కొట్టేలోపు గడువు అయిపోతుంది. చీకటి పడే వేళకు ఇద్దరి పేర్లూ ఎక్కాయి. ఒకే ఫోన్ నంబరు మీద నలుగురిదాకా నమోదు చేయొచ్చు కాబట్టి రెండూ నా నంబరు మీదే పెట్టాం.

పేరు ఎక్కినంత మాత్రాన టీకా ఉన్నట్టు కాదు. జిల్లా పేరు కొట్టి చూస్తే కేంద్రాల జాబితా వస్తోంది, మా వయసు వాళ్లకు మాత్రం ఎక్కడా ఖాళీ లేదు. ఈ వయసు వాళ్లకూ ఉచితంగానే వేస్తామని మహారాష్ట్ర ప్రభుత్వం ఇవాళే చెప్పింది. డబ్బు సమస్య లేదు, మందే లేదు.

ఈ ఏప్రిల్‌లో పుణెలో ఉన్నవాళ్లకు టీకా ఎందుకంత అత్యవసరమో విడమరిచి చెప్పక్కర్లేదు. రాత్రీ పగలూ అంబులెన్సుల మోత. ఆఫీసు వాట్సాప్ గ్రూపులో పని మాటలు పోయి, ఆక్సిజన్ పడక ఎక్కడ ఉంది, రెమ్‌డెసివిర్ ఎవరి దగ్గర దొరుకుతుంది, ప్లాస్మా ఎవరిస్తారు అన్నవే మిగిలాయి. మా టీమ్‌లో ముప్పై ఏళ్లు దాటీ దాటని అబ్బాయి వారం నుంచి ఐసీయూలో ఉన్నాడు.

మే 1, శనివారం

దేశంలో ఒక్క రోజు కేసులు 4 లక్షలు దాటాయని పొద్దున్నే వార్త. మా వయసు వాళ్లకు టీకాలు మొదలైంది కూడా ఇవాళే. అది మహారాష్ట్రలో చాలా కొద్ది కేంద్రాల్లోనే. ఆంధ్రలో ముందు నలభై అయిదు దాటిన వాళ్లందరికీ వేశాకే మిగతావాళ్లకు అన్నారు. విజయవాడలో ఉన్న మా అన్నయ్య ఎదురుచూడటమే. నాన్నకు ఏప్రిల్లోనే మొదటి డోసు పడింది. వార్డు వాలంటీర్ ఇంటికొచ్చి, ఫలానా రోజు వార్డు సచివాలయానికి రండి అని చెప్పి వెళ్లాడట. నాన్న చెప్పులేసుకుని నడిచి వెళ్లి వేయించుకుని వచ్చాడు.

నాకు మింగుడు పడనిది ఇంకోటి ఉంది. కోవిషీల్డ్ టీకా తయారయ్యేది ఈ ఊళ్లోనే. సీరం ఇన్‌స్టిట్యూట్ హడప్సర్‌లో ఉంది. మా ఫ్లాట్ నుంచి ఇరవై, పాతిక కిలోమీటర్లు. సైరస్ పూనావాలా 1966లో పెట్టిన కంపెనీ, ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువ టీకాలు తయారు చేసేది. జనవరి 12న తెల్లవారకముందే అక్కడి నుంచి మొదటి ట్రక్కులు పూజ చేసుకుని బయలుదేరాయి. ఆ దృశ్యం టీవీలో చూసి మేమిద్దరం చప్పట్లు కొట్టాం. జనవరి 16న దేశమంతా టీకాలు మొదలైనప్పుడు వేసవికల్లా మా వంతు వచ్చేస్తుందనుకున్నాం. వేసవి వచ్చింది. మందు తయారయ్యే ఊళ్లో మందు లేదు.

మే 4 నుంచి 8 దాకా

ఈ రోజులన్నీ ఒకటే తంతు. స్లాట్లు ఏ వేళకు తెరుస్తారో ఎవరికీ తెలియదు. మధ్యాహ్నం అన్నం ముందు కూర్చున్నప్పుడు ఒకసారి, రాత్రి ఎనిమిదికి ఒకసారి, ఒక్కోసారి అర్ధరాత్రి. టెలిగ్రామ్‌లో హెచ్చరికలిచ్చే ఛానళ్లు పుట్టుకొచ్చాయి. మాలాంటి ప్రోగ్రామర్లే ఎవరి జిల్లాకు వాళ్లు రాసి పెట్టారు. ఫోన్ మోగిందంటే చేతిలో ఉన్నది వదిలేసి పరుగే. ఓటీపీ, జిల్లా, వయసు, కేంద్రం, వంకరటింకర అక్షరాల క్యాప్చా. అక్షరాలు కొట్టేసరికి, ఖాళీ ఉందని చూపే ఆకుపచ్చ గడి ఎర్రగా మారిపోతుంది. పండక్కి రైలు తత్కాల్ టికెట్ కొన్నవాళ్లకు ఈ టెన్షన్ తెలుసు. ఆ టికెట్ దొరక్కపోతే బస్సు ఎక్కుతాం, అంతే తేడా.

8వ తేదీ నుంచి నాలుగంకెల కోడ్ ఒకటి కొత్తగా పెట్టారు. స్లాట్ బుక్ చేసుకున్న వాళ్లకు ఆ కోడ్ వస్తుంది, కేంద్రంలో చెబితేనే సూది వేస్తారు. అంతకుముందు కొంతమంది బుక్ చేసుకుని వెళ్లకపోయినా టీకా వేసినట్టు మెసేజ్ వచ్చిందట, అందుకని ఈ ఏర్పాటు.

ఐసీయూలో ఉన్న మా టీమ్ అబ్బాయి శుక్రవారం పోయాడు. వాళ్ల అమ్మానాన్నలిద్దరికీ రెండు డోసులూ అయ్యాయి. సోమవారం దాకా మమ్మల్ని ఎవరూ పని గురించి అడగలేదు.

ఆ రాత్రి రూమ్మేట్ అంది, "ఊళ్ల దొరకకుంటే బయట చూద్దాం. జిల్లా మొత్తం పెట్టు, ఎంత దూరమైనా పోదాం."

మే 9, ఆదివారం

రాత్రి తొమ్మిది దాటాక ఫోన్ మోగింది. పుణె జిల్లా జాబితాలో కిందికి జరుపుతూ పోతుంటే నారాయణ్‌గావ్ అవతల ఒక పల్లెలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఆకుపచ్చ గడి కనబడింది. ఇద్దరి పేర్లూ టిక్ పెట్టి నొక్కాను, తీసుకోలేదు. నా ఒక్కదాని పేరు పెట్టి నొక్కితే తీసుకుంది. మళ్లీ తన పేరుతో వెళ్లేసరికి అంతా ఎరుపు.

సోమవారం పొద్దున పదకొండు నుంచి ఒంటిగంట మధ్య. కోవిషీల్డ్. ఆనందించాలో వద్దో తెలియక తన మొహం చూశాను. తను అప్పటికే మ్యాపు తీసి దూరం లెక్కేస్తోంది. "డెబ్బై కిలోమీటర్ల పైన్నే ఉంది. ఏం గాదు, బండి నేను నడుపుత. సూదేసుకున్న చేయితోని నువ్వెట్ల నడుపుతవ్?"

అమ్మకు ఫోన్ చేశాను. "అంత దూరం బండి మీదా? దారిలో పోలీసులు ఆపితే?" అంది. జిల్లా దాటడం లేదు కాబట్టి ఈ-పాస్ అక్కర్లేదని, స్లాట్ మెసేజ్ చూపిస్తే వదులుతారని చెప్పాను. "పొద్దున్నే కడుపునిండా తిని వెళ్లు. పరగడుపున సూది వేయించుకోకు" అంది. నాన్న వెనకనుంచి, "నీళ్లు బాగా తాగమను" అన్నాడు. నాన్నకు అనుభవం ఉంది.

మే 10, సోమవారం

కరోనా ఆంక్షలతో దుకాణాలు పొద్దున ఏడు నుంచి పదకొండు దాకానే. దారిలో తిండి దొరకదని తెలుసు. అయిదింటికి లేచి పులిహోర కలిపి రెండు డబ్బాల్లో సర్దాం. మూడు సీసాల నీళ్లు, ఆధార్, పాన్ కార్డు, శానిటైజర్, ఇద్దరికీ రెండేసి మాస్కులు. ఏడున్నరకు బయలుదేరాం.

నాసిక్ ఫాటా దగ్గర ఎక్కితే ఇంక దారంతా నాసిక్ హైవేనే. భోసరి, మోషి, ఇంద్రాయణి వంతెన. మామూలు రోజుల్లో చాకణ్ దాకా ఈ రోడ్డు మీద స్కూటీ నడపడమంటే లారీల మధ్య దూరడమే. కార్ల కంపెనీలు, వాటికి విడిభాగాలు చేసే వందల యూనిట్లు ఉన్న ప్రాంతం. ఇవాళ చాకణ్ చౌక్‌లో సిగ్నల్ దగ్గర మాతోపాటు ఆగింది ఒక ఆక్సిజన్ ట్యాంకరూ, ఇద్దరు బైకుల వాళ్లూ. ట్యాంకరుకు ముందొకటి, వెనకొకటి పోలీసు జీపులు. అందరం పక్కకు జరిగి దారిచ్చాం.

చాకణ్ దాటాక బారికేడ్ల దగ్గర ఆపారు. ఫోన్లో మెసేజ్ చూపించాను. లేడీ కానిస్టేబుల్ రూమ్మేట్ వైపు చూసి, "నీది?" అంది. తనకు దొరకలేదని, నాకు తోడు వస్తోందని చెప్పాం. "మా తమ్ముడు కూడా రోజూ ఫోన్ పట్టుకుని కూర్చుంటున్నాడు తాయీ. దొరకట్లేదు" అని, జాగ్రత్తగా వెళ్లమని పంపించింది. మరాఠీలో తాయీ అంటే అక్క. నాకంటే పదేళ్లు పెద్దావిడ నన్నలా పిలవడం బాగుంది.

రాజ్‌గురునగర్‌లో భీమా నది ఒడ్డున కాసేపు ఆగాం. భగత్‌సింగ్‌తోపాటు 1931లో ఉరికంబమెక్కిన శివరామ్ రాజ్‌గురు పుట్టిన ఊరిది. పాత పేరు ఖేడ్. ఆయన ఇల్లు నది గట్టునే ఉంది. మామూలుగా అయితే చూసి వెళ్లేవాళ్లం. ఇరవై రెండేళ్లకే పోయినవాడి ఊళ్లో నిలబడితే మా టీమ్ అబ్బాయే గుర్తొచ్చాడు. ఇద్దరి చావులకూ పోలిక లేదు, తెలుసు. ఆ వారం ఏ చిన్న వయసు గురించి విన్నా అతనే గుర్తొచ్చేవాడు.

ఖేడ్ ఘాట్ ఎక్కి దిగితే నేల మారిపోతుంది. మంచర్ దాటాక రెండువైపులా చెరుకు, మధ్యమధ్య ద్రాక్ష పందిళ్లు. కోసిన ఉల్లిగడ్డలు పొలం గట్లమీద కుప్పలు పోసి ఉన్నాయి. వాటిని దాచడానికి గాలి ఆడేలా వెదురు దబ్బలతో, చెక్కలతో కట్టిన పొడవాటి పాకలు ఇంటింటికీ ఉన్నాయి. నారాయణ్‌గావ్ తమాషా మేళాలకు, అంటే మరాఠీ పల్లెల ఆటపాటల నాటక బృందాలకు, పేరున్న ఊరు. ఉగాది వేళకు మేళాల వాళ్లు గుడారాలు వేసుకుని కూర్చుంటే, ఊళ్ల వాళ్లొచ్చి తమ జాతరకు మాట్లాడుకుని వెళ్తారు. వరసగా రెండో ఏడు జాతరలు లేవు, ఆటలు లేవు. ఆ కళాకారులు ఏం తింటున్నారో.

హైవే దిగి తూర్పుకు తిరిగాం. కొంచెం దూరం పోయాక పొలాల పైన ఇంత పెద్ద తీగల గిన్నె ఆకాశం వైపు తిరిగి కనబడింది. తర్వాత ఇంకోటి, ఇంకోటి. ఖోడద్ దగ్గరి రేడియో టెలిస్కోపు, జీఎంఆర్‌టీ. ఒక్కోటి 45 మీటర్ల వెడల్పుతో మొత్తం 30 డిష్‌లు, కొన్ని ఒకచోట గుంపుగా, మిగతావి మూడు దిక్కులకు పాతిక కిలోమీటర్ల దాకా పరుచుకుని ఉంటాయి. నక్షత్రాల నుంచి వచ్చే రేడియో తరంగాలు వింటాయి. గోవింద్ స్వరూప్ గారు కట్టించారు. ఆయన కిందటేడు సెప్టెంబరులోనే పోయారు. రూమ్మేట్ బండి ఆపి, హెల్మెట్ తీసి, చాలాసేపు చూసింది. "సూది కోసం వచ్చి ఇది చూసిన" అంది. నేనూ అంతే. కరోనా పోయాక తప్పకుండా మళ్లీ రావాలి.

ఆరోగ్య కేంద్రానికి చేరేసరికి పదిన్నర. చిన్న డాబా, ముందు గుడ్డ పందిరి, ఎడంగా వేసిన ప్లాస్టిక్ కుర్చీలు. బయట చెట్ల కింద ఎంహెచ్-12 నంబరు కార్లు వరసగా. అంటే పుణె నగరం నుంచి వచ్చినవి. కుర్చీల్లో కూర్చున్నవాళ్లలో ఎక్కువమంది మాలాంటివాళ్లే, ల్యాప్‌టాప్ బ్యాగుల వాళ్లు. ఒకతను పందిట్లో కూర్చునే ఆఫీసు కాల్ మాట్లాడుతున్నాడు. ఊరివాళ్లు గేటు బయట ఉన్నారు.

గేటు దగ్గర పాతికేళ్ల కుర్రాడొకడు మా బండికి అడ్డంగా నిలబడి అడిగాడు. "ఇది మా ఊరి ఆస్పత్రి. మా అమ్మ కాన్పు ఇక్కడే. మందు వచ్చిందంటే పొద్దున్నుంచి నిలబడ్డాం. లిస్టులో మా ఊరివాళ్ల పేర్లు మూడో నాలుగో. మీరంతా తీసుకెళ్తే మేం పుణె రావాలా?" గొంతు పెంచలేదు. నిజంగానే సమాధానం కావాలని అడిగాడు. నేనేం చెప్పను? మా ఊళ్లో మాకూ లేదన్నాను. "మీ ఊళ్లో లేకపోతే మీరు ఇక్కడికి రాగలరు. మేమెక్కడికి పోగలం?" అన్నాడు.

ఆశా కార్యకర్త వచ్చి అతన్ని పక్కకు తీసుకెళ్లింది. తిట్టలేదు, భుజం మీద చెయ్యేసి ఏదో చెప్పింది. గులాబీ చీర, మెళ్లో కార్డు, చేతిలో ఊరివాళ్ల పేర్లు రాసుకున్న పొడవాటి నోటు పుస్తకం. ఏ ఇంట్లో ఎంతమంది, ఎవరికి షుగరు, ఎవరికి బీపీ, ఎవరు నెల తప్పారు, ఎవరికి మొదటి డోసు అయింది, అన్నీ అందులో ఉన్నాయి. ఆ పుస్తకం కంప్యూటర్లో లేదు. కంప్యూటర్లో ఉన్నదల్లా ముందు ఎవరు నొక్కారన్నదే.

పదకొండుకు పేర్లు పిలవడం మొదలైంది. మొదటి బల్ల దగ్గర ఆధార్ చూసి లిస్టులో టిక్ పెట్టారు. రెండో బల్ల దగ్గర నాలుగంకెల కోడ్ అడిగి ట్యాబ్‌లో కొట్టారు. సిగ్నల్ అందక ఆ అమ్మాయి ట్యాబ్ పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడి ఎక్కించింది. తర్వాత లోపల బెంచీ మీద కూర్చోబెట్టారు. లోపలికి వెళ్లిన చాలాసేపటి దాకా ఎవరికీ సూది పడలేదు. ఎందుకని అడిగితే నర్సమ్మ చెప్పింది, ఒక్క సీసాలో పది డోసులు, మూత తీశాక నాలుగు గంటల్లో వాడెయ్యాలి, మిగిలితే పారబోయడమే. "పదిమంది కూర్చుంటేనే తీస్తాను. ఒక్క చుక్క కూడా పోనివ్వను" అంది. యాభై దాటి ఉంటాయి ఆవిడకు. జనవరిలో మొదలైనప్పటి నుంచి ఆదివారాలు కూడా లేవట.

పదోవాళ్లు రాగానే నీలం డబ్బా మూత తీసింది. చుట్టూ ఐస్ ప్యాకులు, మధ్యలో సీసాలు. బొటనవేలంత సీసా. దాని లేబుల్ మీద సీరం పేరు, పుణె అడ్రసు. చిన్న మూత పైకి లేపి, పెన్నుతో సీసా మీదే టైము రాసింది, పదకొండూ నలభై. సిరంజీ కవరు నా ఎదుటే చించింది. అర మిల్లీలీటరు గీత దాకా లాగింది. ఈ సిరంజీ ఒకసారి నొక్కితే బిగుసుకుపోతుంది, మళ్లీ లాగడానికి రాదు. "ఎడమ చెయ్యి వదులుగా వదిలెయ్. ఘాబరూ నకా." భయపడొద్దు అని. నేను కళ్లు మూసుకోలేదు, చూస్తూనే ఉన్నాను. చురుక్కుమంది, అంతే. సూదిని పక్కనున్న చిన్న కట్టర్‌లో పెట్టి నొక్కితే టక్కుమని తెగి లోపల పడింది, మిగిలిన ప్లాస్టిక్ ఎర్ర సంచిలోకి వెళ్లింది. ఆవిడ చేతులు శుభ్రం చేసుకుని తర్వాతి పేరు పిలిచింది.

నాకు ఏడుపొచ్చింది. మా టీమ్ అబ్బాయి గురించో, గేటు దగ్గర కుర్రాడి గురించో, లేదా ఇన్ని రోజుల టెన్షన్ ఒక్కసారిగా వదలడం వల్లో. నర్సమ్మ నొప్పి అనుకుని దూది ఇంకాస్త గట్టిగా అదిమింది.

అరగంట కూర్చోవాలి. అందరి పక్కనా ఫోన్లు చార్జింగులో, ఎవరి సెల్ఫీలు వాళ్లవి. నా పక్క కుర్చీ దగ్గరికి ఒకమ్మాయి వచ్చి నిలబడింది. ఇరవై రెండేళ్లుంటాయేమో. ఉల్లి ఏరే కూలిపని, భర్త ట్రాక్టరు డ్రైవరు. ఆశా తాయీ పంపించిందట, నాకు పేరు ఎక్కిస్తారా అని అడిగింది. ఆమె దగ్గర బటన్ల ఫోనుంది, ఆధార్ ఉంది. సైట్ మొత్తం ఇంగ్లిష్‌లో ఉంది, ఆ ఫోన్లో అది తెరుచుకోదు కూడా. నా ఫోన్లో తెరిచి ఆమె నంబరు కొట్టాను. ఓటీపీ ఆమె ఫోనుకు వచ్చింది. ఒక్కో అంకె చదివి చెప్పింది, నేను కొట్టాను. నా నంబరు మీదే పెడితే నాకు సులువే. కానీ రేపు ఏదైనా కావాలంటే నన్ను వెతుక్కోవాలి కదా, అందుకే ఆమె నంబరు మీదే పెట్టాను. ఆమె భర్త పేరు కూడా ఎక్కించాం. ఇంతలో రూమ్మేట్ గేటు బయటి చెట్టు కింద కూర్చుని ఇంకో నలుగురివి ఎక్కిస్తోంది. మా బండికి అడ్డం నిలబడిన కుర్రాడి పేరు కూడా అందులో ఉంది.

పేర్లు ఎక్కాయి. స్లాట్లు మాత్రం ఆ జాబితాలో ఎక్కడా లేవు. మళ్లీ ఎప్పుడు తెరుస్తారో చెప్పమంది ఆ అమ్మాయి. ఏమని చెప్పను!

దీని గురించి నాకు గట్టి అభిప్రాయమే ఉంది. మందు తక్కువగా ఉన్నప్పుడు ఎవరికి ముందు అన్నది పెద్ద ప్రశ్న. దానికి ఎవరి నెట్ వేగంగా ఉంటే వాళ్లకు అన్న జవాబు న్యాయం కాదు. ఆ కేంద్రానికి ఎన్ని డోసులు వస్తే అందులో సగమైనా ఆశా కార్యకర్త పుస్తకంలోని వరసలో పిలిచి వెయ్యొచ్చు. నాన్నకు తెనాలిలో జరిగింది అదే. నగరాల్లో ఉన్నవాళ్లకు నగరంలోనే ఇవ్వాలి. నాలాంటివాళ్లు పల్లెకు వచ్చారంటే నగరానికి సరిపడా రాలేదనే కదా.

తిరుగుదారిలో ఎండ మాడ్చేసింది. మంచర్ దగ్గర వేపచెట్టు కింద ఆగి పులిహోర తిన్నాం. సర్టిఫికెట్ మెసేజ్ వచ్చింది. అమ్మకు పంపితే ఇంట్లో అందరికీ చూపించిందట. మూడున్నరకు ఇంటికి చేరాం. అంత దూరం బండి నడిపి, టీకా లేకుండా తిరిగొచ్చిన రూమ్మేట్ ఆ సాయంత్రం నాకు టీ పెట్టి ఇచ్చింది.

మే 11

తెల్లవారుజామున చలి మొదలైంది. దుప్పటి మీద దుప్పటి. పొద్దున్నకు 101 జ్వరం, ఒళ్లంతా నొప్పులు, చెయ్యి పైకి లేవదు. పారాసిటమాల్ వేసుకుని పడుకున్నాను. తను మిరియాల చారు పెట్టింది. సాయంత్రానికి తగ్గింది. జ్వరం వస్తేనే టీకా పనిచేసినట్టని చాలామంది అంటున్నారు గానీ, అలాంటి నియమం ఏదీ లేదు. జ్వరం రానివాళ్లకూ రక్షణ వస్తుంది.

మే 12, 13

12న, పద్దెనిమిది నుంచి నలభై నాలుగేళ్ల వాళ్లకు టీకాలు తాత్కాలికంగా ఆపేస్తున్నామని మహారాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. ఉన్న మందు నలభై అయిదు దాటినవాళ్ల రెండో డోసుకు వాడతారట. పెద్దవాళ్ల రెండో డోసు ఆగకూడదన్నది సరైన నిర్ణయమే. మా గదిలో మాత్రం ఇద్దరం చాలాసేపు మాట్లాడుకోలేదు. 13న ఇంకో వార్త. కోవిషీల్డ్ రెండు డోసుల మధ్య ఎడం పన్నెండు నుంచి పదహారు వారాలకు పెంచారు. అంటే నా రెండోది ఆగస్టులో.

జూన్

మే 24 నుంచి ప్రభుత్వ కేంద్రాల్లో మా వయసు వాళ్లకు కూడా అక్కడికక్కడే నమోదు చేసి వెయ్యొచ్చని కేంద్ర ప్రభుత్వం చెప్పింది. మే 31న సుప్రీంకోర్టు, స్మార్ట్‌ఫోనూ ఇంటర్నెట్టూ లేనివాళ్లు టీకా ఎలా పొందుతారని ప్రభుత్వాన్ని అడిగింది. కేంద్రానికి ఒక ధర, రాష్ట్రాలకు ఒక ధర ఎందుకని కూడా అడిగింది. అప్పటికి కోవిషీల్డ్ కేంద్రానికి 150 రూపాయలు, రాష్ట్రాలకు 300, ప్రైవేటు ఆస్పత్రులకు 600. జూన్ మొదట్లో కోవిన్ మరాఠీ, తెలుగు సహా మన భాషల్లోకి వచ్చింది. 7వ తేదీన ప్రధాని టీవీలో మాట్లాడుతూ, 21 నుంచి పద్దెనిమిదేళ్లు నిండిన అందరికీ కేంద్రమే ఉచితంగా ఇస్తుందన్నారు. గేటు దగ్గర ఆ కుర్రాడు అడిగిన ప్రశ్నకు ప్రభుత్వం నుంచి జవాబు రావడానికి ఇంత కాలం పట్టింది.

రూమ్మేట్‌కు జూన్ మధ్యలో వాళ్ల ఆఫీసు పెట్టిన క్యాంపులో పడింది. లిఫ్టు ఎక్కి, కాఫీ తాగి, గంటలో వచ్చేసింది. జ్వరం రాలేదు. అదే రోజుల్లో మహారాష్ట్ర ఆశా కార్యకర్తలు జీతాలు పెంచమని సమ్మెకు దిగారు. టీవీలో గులాబీ చీరలు కనబడినప్పుడల్లా ఆ నోటు పుస్తకం ఉన్నావిడ ఉందేమోనని చూశాను.

ఆగస్టు 6, శుక్రవారం

మా వార్డులోని మునిసిపల్ స్కూల్లో కేంద్రం. ఇంటి నుంచి నడిచి పది నిమిషాలు. వాన. ముందురోజు సాయంత్రం ఆన్‌లైన్లో తేలిగ్గానే దొరికింది. పొద్దున టోకెన్ తీసుకుని, గొడుగు మడిచి వరండాలో నిలబడ్డాను. నాలాగే గొడుగులతో చాలామంది. నర్సు వేగంగా వేసేసింది, మాట్లాడే తీరిక లేదు. ఈసారి సీసా దగ్గరగా చూసే వీలు కాలేదు.

అరగంట కూర్చోవాల్సిన చోట నుంచి ఉల్లి ఏరే అమ్మాయికి ఫోన్ చేశాను. నంబరు అప్పుడే రాసుకున్నాను. నన్ను గుర్తుపట్టింది. జులైలో ఆశా తాయీ పేరుపేరునా పిలిపించిందట, ఆధార్ పట్టుకుని వెళితే అక్కడే వేశారట. భర్తకు కూడా అయింది. రెండోది ఎప్పుడని అడిగితే, పన్నెండు వారాలయ్యాక ఫోనుకు మెసేజ్ వస్తుందని, రాకపోయినా వెళ్లమని చెప్పాను. తారీకు లెక్కకట్టి చెబితే, పక్కనున్న ఎవరితోనో గోడ మీద రాయించుకుంది.

విజయవాడలో అన్నయ్యకు మొదటిది జులై ఆఖర్లో పడింది. రూమ్మేట్ రెండోది సెప్టెంబరులో, మళ్లీ ఆఫీసు క్యాంపులోనే. ఆ రోజు సెలవు పెట్టుకోమని ఇప్పట్నుంచే చెబుతున్నాను.